వ్యతిరేకంగా లేచిన చెయ్యి

బాత్‌టబ్బు మెట్లవీధి మలుపులో అడ్డంగా ఇరుక్కుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. మోసుకొచ్చిన కూలీలు చెమటలు తుడుచుకుంటూ పక్కింటి అరుగుమీద కూలబడ్డారు. హోటలబ్బాయి మాత్రం దాని చుట్టూ తిరుగుతూ కాసేపు ఆ మూలా కాసేపు ఈ మూలా నెట్టి చూస్తున్నాడు.

"ఇది మీదేనా?"

వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఒకమ్మాయి. భుజాన తనకంటే పొడుగాటి ఇనుప కడ్డీ, నడుముకి తాళాల గుత్తి. పొద్దున్నే ఎవరితోనో పోట్లాటకి బయల్దేరినట్టుంది వాలకం.

"నాదేనండి."

"ఇందులో ఏం పెంచుతారు? చేపలా?"

"స్నానం చేస్తారండి. గెస్టులు."

"పడుకునా?"

"పడుకునే. అదే కదండీ దీని గొప్ప."

ఆమె టబ్బు అంచుమీద వేలితో టకటకా కొట్టి చూసింది. "గొప్పగానే ఉంది. దీని కింద నా వాల్వుంది."

"ఏ వాల్వండి?"

"కింది వీధికి నీళ్ళొదిలే వాల్వు. ఇప్పుడు తిప్పాలి. కింద అందరూ బిందెలు పెట్టుకుని కూర్చున్నారు."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో హోటలబ్బాయికి ఒకటే తెలుసు. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ముందు కట్టుకుని, గొంతు మెత్తబరిచి అన్నాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి మేమెంతో చింతిస్తున్నామండి."

ఆమె అతని వెనక్కి తొంగిచూసింది. "చింతించేవాళ్ళు మీరొక్కరేనా, ఇంకా ఉన్నారా? ఉంటే పిలవండి, తలా ఓ చెయ్యి వేస్తారు."

అరుగుమీది కూలీలు కిసుక్కున నవ్వారు. హోటలబ్బాయికి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కడ్డీని గోడకి ఆనించి, టబ్బులోకి దిగి, రెండు చేతులూ అంచులమీద పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

"ఇదేంటండీ?"

"మీరు దీన్ని తీసేదాకా ఇక్కడే ఉంటాను. కింది వీధివాళ్ళు వస్తే మీరే జవాబు చెప్పుకోండి."

వాళ్ళు రానే వచ్చారు. బిందెలతో కొందరు, బకెట్లతో కొందరు, ఊరికే చూద్దామని ఇంకొందరు. వాళ్ళ ముందు, మెడలో కొలత టేపు వేలాడేసుకుని, ఊరి దర్జీ పెద్దమ్మ. సంగతేమిటో ఎవరూ అడగలేదు. టబ్బూ, అందులో కూర్చున్న పిల్లా, పక్కన చెమటలు కక్కుతున్న కుర్రాడూ కనిపిస్తూనే ఉన్నారు.

"అందరూ ఓ చెయ్యి వెయ్యండర్రా," అంది పెద్దమ్మ.

ఆ పిల్ల దిగేలోపే టబ్బు గాల్లోకి లేచింది. ఆమె కంగారుగా అంచులు గట్టిగా పట్టుకుంది. టబ్బు ఓ పక్కకి ఒరిగింది, మలుపు తిరిగింది, గోడకి రాసుకుంటూ పైకి వెళ్ళింది. "పెళ్ళికూతుర్ని కూడా ఇంత జాగ్రత్తగా మొయ్యరు," అన్నారెవరో. అప్పటిదాకా బిగబట్టుకున్న ఆమె పకపకా నవ్వేసింది.

వెనకాల ఇనుప కడ్డీ మోసుకొస్తున్న హోటలబ్బాయి ఆ నవ్వు చూసి ఒక మెట్టు తప్పాడు. మోకాలు దోక్కుపోయింది. ఎవరూ గమనించలేదనుకున్నాడు. ఆమె గమనించింది.

* * *

హోటలబ్బాయి అన్న పేరు ఊరు పెట్టిందే. పట్నంలో ఓ పెద్ద హోటల్లో రిసెప్షన్ కౌంటరు వెనక నిలబడి, కాలరుకీ నవ్వుకీ రోజూ ఇస్త్రీ చేసుకుంటూ కొన్నేళ్ళు బతికాడు. ఒకరోజు అద్దంలో చూసుకుంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా మొహం దానంతటదే నవ్వుతోంది. ఆ వారమే పెట్టే బేడా సర్దుకుని కొండమీద మేనత్త దగ్గరికి వచ్చేశాడు. మామయ్య పోయాక అత్త ఒక్కతే ఉంటోంది. మేడమీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ఊరికి గెస్టులు వస్తున్నారు. ఇంకేం కావాలి అనుకున్నాడు.

గెస్టులు వచ్చేది ఆ ఊరి రాతి మెట్ల వీధుల కోసం, అడవిలోకి పోయే కాలిబాటల కోసం, పొద్దున్నే గుమ్మం దాకా వచ్చి లోపలికి రానా వద్దా అన్నట్టు నిలబడే మబ్బు కోసం. మొదట్లో ఎవరికి దొరికిన గెస్టుని వాళ్ళు చెయ్యిపట్టి లాక్కుపోయేవారట. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయట. అప్పుడు ఊరంతా కూర్చుని సభ పెట్టుకుంది. ఎవరింటికి ఏ వారం గెస్టులో సభే వంతులు వేస్తుంది. వచ్చినదాంట్లో కొంత మెట్లకీ పైపులకీ పక్కన పెడుతుంది. సభలో ఇంటికి రెండు చేతులు. ఎవరు ఏ మాట చెప్పినా, ఎక్కువ చేతులు లేస్తేనే అది ఊరి మాట అవుతుంది.

అత్త ఇంటి రెండో చెయ్యి మామయ్య పోయిన దగ్గర్నుంచి లేవలేదు. "అది నీకిస్తున్నా," అంది అత్త, అతను వచ్చిన మొదటి వారమే. "ఊరికే ఎత్తకు. ఆయన ఎప్పుడూ ఆలోచించి ఎత్తేవాడు."

నీళ్ళమ్మాయి కథ వేరు. పైన అడవి అంచున ఒక ఊట ఉంది. ఊరంతటికీ అదే ఆధారం. ఊట నీళ్ళు ట్యాంకులోకి దిగుతాయి, ట్యాంకు నుంచి వీధివీధికీ వాల్వులున్నాయి. వాళ్ళ నాన్న జీవితమంతా ఆ వాల్వులు తిప్పాడు. మోకాళ్ళు మొరాయించాక, ఆ పని ఎవరికివ్వాలని సభ అడిగితే ఊరంతా ఆమె వైపే చెయ్యెత్తింది. ఒక్క నాన్న తప్ప. "అమ్మాయికి విశ్రాంతి ఉండదు," అన్నాడాయన. ఓడిపోయి, ఇంటికొచ్చి, కడ్డీకి నూనె రాసి కూతురి చేతికిచ్చాడు.

* * *

టబ్బు సంగతి ఆదివారం సభకి వచ్చింది. సభంటే బడి వరండాయే. పిల్లల బెంచీలమీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు. దర్జీ పెద్దమ్మ పెద్దరికం చేస్తుంది.

"ఒక్క ఫొటో పెడితే చాలండి," అన్నాడు హోటలబ్బాయి. "టబ్బు, పక్కన కిటికీ, కిటికీలో కొండ. ఫోన్లు ఆగవు. ఒక్క మా ఇంటికే కాదు, ఊరందరికీ గెస్టులు పెరుగుతారు."

"నీళ్ళో?" అంది నీళ్ళమ్మాయి.

"ఊట రోజూ పారుతూనే ఉంది కదండి."

"రోజూ ఒకేలా పారుతుందా?"

"పారదా?"

సభ నవ్వింది. ఆమె నవ్వలేదు. అది అతనికి నచ్చింది.

పెద్దమ్మ టేపుని వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "అబ్బాయ్, నువ్వు కొత్తవాడివి. కాదంటే మొహం మాడ్చుకుంటావు, సరేనంటే ఈ పిల్ల మాడ్చుకుంటుంది. ఒక నెల ఈ పిల్ల వెంట తిరుగు. ఊట చూడు, ట్యాంకు చూడు. ఆ తర్వాత టబ్బు పెట్టాలో వద్దో నువ్వే చెప్పు. నీ మాటే ఖాయం."

"నా వెంటా?" అంది నీళ్ళమ్మాయి.

"ఏం, బరువా?"

"మెట్లమీద పడిపోతాడు పెద్దమ్మా."

అయితే గమనించిందన్నమాట, అనుకున్నాడు హోటలబ్బాయి. ఎందుకో సంతోషంగా అనిపించింది.

* * *

తెల్లవారకముందే ఆమె వాకిట్లో కడ్డీతో నేలమీద కొట్టేది. అదే పిలుపు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు.

మొదటి రోజుల్లో మాటలు తక్కువ. పైకెక్కడం, ట్యాంకు మూత తీయడం, లోపలికి కొలకర్ర దించి ఎంత తడిసిందో చూడటం. కర్ర బయటికి తీశాక ఆమె దానివంక జ్వరం చూసే తల్లిలా చూసేది. "నిన్నటికంటే ఒక వేలు దిగింది," అనేది. అంతే. ఇంక ఆ పూటకి చిరాగ్గా ఉండేది. ఊట పెరగకపోతే తనదే తప్పయినట్టు.

"మీరు నవ్వడానికి కూడా వంతులేమైనా ఉన్నాయాండి?" అన్నాడొకరోజు.

"ఉన్నాయి. మీ వీధికి ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"పైపు వెయ్యాలి."

దిగేటప్పుడు ఆ మాటే తల్చుకుని తనలో తను నవ్వుకున్నాడు. ముందు నడుస్తున్న ఆమె భుజాలు కూడా కొంచెం కదిలినట్టనిపించింది.

ఒకరోజు గెస్టులున్న ఇంటి ముందు ఆగి చెవి పెట్టింది. లోపల కొళాయి పారుతున్న చప్పుడు. "చూశావా," అంది. కోపంలో 'అండి' జారిపోయింది. "పొద్దున్నే ఇలా వదిలేస్తారు. ఎవరికీ బాధ్యత లేదు. ఎన్నిసార్లు చెప్పించానో."

"వదిలెయ్యలేదు," అన్నాడు హోటలబ్బాయి. "వేడినీళ్ళ కోసం చూస్తున్నారు."

"అంటే?"

"వేడినీళ్ళు పైపులోంచి వచ్చేలోపు చన్నీళ్ళు వస్తాయి కదా. అవి పోయేదాకా కొళాయి వదిలి, ఈలోగా పళ్ళు తోముకుంటారు. మా హోటల్లో రోజూ చూసేవాణ్ణి. బాధ్యత లేక కాదు, తోచక."

ఆమె అతనివంక చూసింది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు వింటోంది, లోపల ఏం జరుగుతోందో ఎప్పుడూ ఊహించలేదు.

ఆ సాయంత్రం అతను గెస్టులున్న ఇళ్ళన్నీ తిరిగాడు. ప్రతి బాత్రూములో కొళాయి కింద ఒక బకెట్టు పెట్టించాడు. గెస్టులకి తన పాత రిసెప్షన్ గొంతుతో చెప్పాడు. "మొదటి బకెట్టు మా పెరట్లో మొక్కలకండి. రెండోది మీకు." గెస్టులకి అది ముచ్చటగా అనిపించింది. కొందరు బకెట్లు తామే మోసుకెళ్ళి పాదుల్లో పోసి ఫొటోలు తీసుకున్నారు.

వారం తిరిగేసరికి కొలకర్రమీద తడి ఒక వేలు పైకొచ్చింది. ఆమె నమ్మలేక కర్ర తుడిచి మళ్ళీ దించింది. అదే మట్టం. తిరిగి చూసి నవ్వింది. టబ్బులో కూర్చుని నవ్విన నవ్వే, కానీ ఈసారి అతనొక్కడి కోసం.

"పైపు వేశారా?" అన్నాడు.

"నోర్ముయ్," అంది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ట్యాంకు పక్కనున్న రేకుల పంచలోకి దూరారు. కడ్డీతో సహా ఇద్దరు నిలబడేంత చోటు లేదు. కడ్డీని బయట పడేసి నిలబడ్డారు. రేకులమీద వాన పడుతుంటే మాట వినపడదు. వినపడకపోవడమే బాగుందనిపించింది అతనికి. ఆమె జుట్టుమీద చినుకులు నిలిచిపోయి ఉన్నాయి. తుడవాలనిపించి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఏంటి?" అందామె గట్టిగా.

"ఏం లేదు."

"ఏదో అన్నావు."

"వాన బావుందన్నా."

"అబద్ధం," అంది. వానవంకే చూస్తూ అంది.

నెల నిండాక సభలో లేచి హోటలబ్బాయి ఒక్క మాటే చెప్పాడు. "టబ్బు వద్దండి." అత్త దాన్ని పెరట్లోకి లాగించి, మట్టి నింపి ఆకుకూరలు చల్లింది. అతని నెల అయిపోయింది. అయినా మర్నాడు తెల్లవారకముందే వాకిట్లో కడ్డీ చప్పుడైంది. అతనప్పటికే గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు.

* * *

ఎండలు ముదిరాయి. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. బకెట్లు పెట్టినా, కొళాయిలు బిగించినా, తడి మళ్ళీ కిందికి జారడం మొదలెట్టింది. మరోపక్క గెస్టులు మాత్రం పెరిగారు.

"ఎండలు తగ్గేదాకా రెండు నెలలు గెస్టుల్ని ఆపేద్దామని రేపు సభలో అడుగుతాను," అంది నీళ్ళమ్మాయి ఓ సాయంత్రం, ట్యాంకు గట్టుమీద కూర్చుని. "మొత్తానికి. ఒక్క గదీ తెరవకుండా. నువ్వేమంటావు?"

రెండు నెలలు. హోటలబ్బాయికి తెలిసిన లెక్క వేరు. తలుపు మూసుకున్న ఊరిని గెస్టులు మర్చిపోతారు. పనిలేక కుర్రాళ్ళు పట్నం దారి పడతారు, పడితే తిరిగి రారు. ఈ మాటలన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. ఆమె మొహంలోకి చూశాడు. అలసిపోయి ఉంది. ఆశగా ఉంది.

"ఆలోచిస్తా," అన్నాడు.

మర్నాడు వరండాలో నిలబడే చోటు కూడా లేదు. ఆమె లేచి కొలకర్ర చూపించి, తన మాట చెప్పి కూర్చుంది. ఎవరైనా మాట్లాడతారా అంది పెద్దమ్మ.

హోటలబ్బాయి లేచాడు. ఆమె మొహం విప్పారింది. తనకి వత్తాసుగా లేచాడనుకుంది.

"నాకు ఇది సరి కాదనిపిస్తోందండి," అన్నాడు. "నీళ్ళు తక్కువున్నమాట నిజం. నేనూ రోజూ చూస్తున్నా. కానీ మొత్తం మూసేస్తే, ఊట నిండేసరికి ఊళ్ళో మనుషులుండరు. సగం గదులు తెరుద్దాం. వచ్చేవాళ్ళని తగ్గిద్దాం. మూసెయ్యొద్దు."

ఆమె వంక చూడలేదు. చూస్తే ఆ మాటలు రావని తెలుసు.

పెద్దమ్మ చేతులెత్తమంది. మూసేద్దామన్నవాళ్ళ చేతులు లేచాయి. అతని పక్కనే అత్త చెయ్యి కూడా. తర్వాత వద్దన్నవాళ్ళ చేతులు. అతని చెయ్యి లేచింది. ఒకే ఇంటి రెండు చేతులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పెద్దమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. రెండు మూడు చేతుల తేడాతో నీళ్ళమ్మాయి మాట నెగ్గింది.

నెగ్గినదాని మొహంలో నెగ్గిన కళ లేదు. కడ్డీ తీసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

"నాకు వ్యతిరేకంగా ఎత్తావు," అన్నాడు ఇంటికొచ్చాక అత్తతో.

"నా చెయ్యి నాది. నీ చెయ్యి నీది. మీ మామయ్యా నేనూ ఎన్నిసార్లు ఎదురెదురు ఎత్తామో," అంది అత్త కంచం పెడుతూ. "తిను. చల్లారిపోతుంది."

మర్నాడు వాకిట్లో కడ్డీ చప్పుడు కాలేదు. గుండీలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

* * *

సభ మాట సభ మాటే. ఊళ్ళో బుకింగులన్నీ రాసేది హోటలబ్బాయే కాబట్టి, వచ్చే రెండు నెలల గెస్టులందరికీ ఫోన్లు చేసి తేదీలు మార్చమని బతిమాలే పని అతని నెత్తిన పడింది. మేడమెట్లమీద కూర్చుని ఒక్కొక్కరికే చేస్తున్నాడు. కొందరు సరేనన్నారు, కొందరు విసుక్కున్నారు.

మధ్యాహ్నం నీడ పడింది. నీళ్ళమ్మాయి. కింది మెట్టుమీద కూర్చుని చెయ్యి చాపింది.

"సగం నంబర్లు నాకియ్యి."

"ఎందుకు?"

"మూసెయ్యమన్నది నేను. తిట్లు నువ్వొక్కడివే తింటావా?"

ఇచ్చాడు. ఆమె గొంతు సవరించుకుని మొదటి నంబరు కలిపింది. "హలో. మా ఊరు రాకండి."

అటువైపు ఏమన్నారో. "ఎందుకేంటండీ, నీళ్ళు లేవు. సరే. ఉంటాను." పెట్టేసింది. "ఇంత తేలికైన పనికి పొద్దుట్నుంచీ కూర్చున్నావా?"

హోటలబ్బాయి తలని మోకాళ్ళలో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని వంగి చూసింది. నవ్వలేక చస్తున్నాడు. ఆమెకీ నవ్వు ఆగలేదు.

"కోపం పోయిందా?" అన్నాడు.

"పోలేదు."

"చెయ్యెత్తినందుకా?"

"కాదు. ముందురోజు అడిగాను. ట్యాంకు దగ్గర, మనిద్దరమే ఉన్నప్పుడు. అప్పుడు నోరు మెదపలేదు. ఊరందరి ముందూ తెలిసింది నాకు."

అతను మెట్టుమీది ఎండవంక చూశాడు. "నీ మొహం చూస్తే చెప్పలేకపోయాను. బాధపడతావని."

"మరి సభలో?"

"అక్కడ చూడలేదుగా."

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "రాత్రంతా ఒకటే ఆలోచించాను. నా మొహం చూసి నావైపు చెయ్యెత్తి ఉంటే, నాకు ఆ పూటకి సంతోషంగా ఉండేది. తర్వాత ఇంకెప్పుడూ నువ్వన్న ఏ మాటా నమ్మేదాన్ని కాదు. వాన బావుందన్నా సరే." ఆగింది. "ఇకమీద ఏదైనా ముందు నాకు చెప్పు. ఎంత చేదయినా."

"అయితే ఒకటుంది," అన్నాడు. "పట్నం హోటల్ మేనేజరు పిలుస్తున్నాడు. ఈ రెండు నెలలకి. ఇక్కడ గదులు మూసుంటే నేనూ అత్తా ఊరికే కూర్చోలేం. వెళ్తున్నాను."

ఊళ్ళో మనుషులుండరని సభలో అతనన్న మాట ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు.

"వస్తావా?" అంది చివరికి.

"ఊరు తెరిచిన రోజే వస్తా. మొదటి గెస్టుని నేనే."

"గెస్టుగా రాకు," అంది. లేచి, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

* * *

పట్నంలో కాలరుకి ఇస్త్రీ అయింది, నవ్వుకి కాలేదు. మేనేజరు రెండుసార్లు మందలించాడు.

రోజూ సాయంత్రం ఆమె ఫోను చేసేది. హలో ఉండదు, ఎలా ఉన్నావు ఉండదు. "అర వేలు పెరిగింది," అనేది. అతను "సరే," అనేవాడు. తర్వాత చాలాసేపు ఇద్దరూ ఫోను పెట్టేవాళ్ళు కాదు. ఒకరోజు, "కింది వీధిలో చివరి ఇంటికి తాళం పడింది," అంది. మరొకరోజు, "టీకొట్టు మూసేశారు," అంది. అలాంటి రోజుల్లో వేళ్ళ లెక్క చెప్పడం మర్చిపోయేది.

హోటల్‌కి రోజూ నీళ్ళ ట్యాంకర్లు వచ్చేవి. ఇదివరకు అవి అతని కంటికే ఆనలేదు. ఇప్పుడు వెనక గేటు దగ్గర నిలబడి చూసేవాడు. లావుపాటి గొట్టంలోంచి నీళ్ళు సంపులోకి దూకుతుంటే ఒకసారి డ్రైవరుని అడిగాడు, ఇవెక్కణ్ణించని.

"మా ఊరివే సార్. చెరువు పక్కన బోరు," అన్నాడు డ్రైవరు. "ఒకప్పుడు మా చెరువు చూడ్డానికి మీలాంటి పట్నంవాళ్ళు బస్సుల్లో వచ్చేవాళ్ళు. ఇప్పుడు మేమే దాన్ని మీకు మోసుకొస్తున్నాం."

నవ్వుతూనే అన్నాడు. హోటలబ్బాయికి ఆ పూట అన్నం సయించలేదు.

* * *

రెండు నెలలు గడిచి అతను ఊళ్ళో బస్సు దిగేసరికి సన్నగా వాన పడుతోంది. వీధులన్నీ నిర్మానుష్యంగా ఉన్నాయి. అత్త ఇంటి తలుపు తీసే ఉంది, అత్త లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం. బ్యాగు భుజాన వేసుకుని బడివైపు నడిచాడు.

వరండా మెట్లెక్కుతుండగానే ఆమె గొంతు వినిపించింది.

"ఊట నిండింది. నేను కోరుకున్నదదే. కానీ వీధి ఖాళీ అయింది. నీళ్ళొదలడానికి వాల్వు తిప్పితే కింద బిందె పెట్టేవాళ్ళు లేరు. పై ఏడు ఇలా మొత్తం మూయొద్దు. సగం గదులు తెరుద్దాం. ఇది నా మాట కాదు, హోటలబ్బాయి మాట. అప్పుడు మనం వినలేదు."

"నేనొప్పుకోను," అన్నాడతను గుమ్మంలోంచి.

తలలన్నీ తిరిగాయి. ఆమె తల అందరికంటే ముందు తిరిగింది. ఒక్క క్షణం మొహమంతా వెలిగి, మరుక్షణం కళ్ళు చిట్లించింది.

"నీ మాటకి నువ్వే ఒప్పుకోవా?"

"ఒప్పుకోను. మూసెయ్యాల్సిందే. రెండు నెలలూ మూసెయ్యాల్సిందే. నేను ఫోను చేసి మార్పించిన గెస్టుల్లో ఎక్కువమంది ఎప్పుడు తెరుస్తారని అడుగుతూనే ఉన్నారు. మర్చిపోతారనుకున్నాను, మర్చిపోలేదు. నాదే తప్పు."

"మనుషులు వెళ్ళిపోతారన్నావు. వెళ్ళిపోయారు. నువ్వే రైటు."

"కాదు, నువ్వే రైటు."

"సగం తెరిస్తే సరిపోయేది."

"సగం అంటే మెల్లమెల్లగా మొత్తం అయిపోతుంది. నాకు తెలుసు, నేను హోటలువాణ్ణి."

"నాకూ తెలుసు, నేను నీళ్ళదాన్ని."

సభలో మొదట ఒకరిద్దరు నవ్వారు, తర్వాత బెంచీలన్నీ ఊగాయి. అత్త కళ్ళు తుడుచుకుంటోంది. పెద్దమ్మ టేపుతో బల్లమీద ఛెళ్ళున కొట్టింది.

"ఇద్దరూ ఆపండి. ఇలాగైతే సభ ఎల్లుండికి కూడా తెమలదు. ముందు ఇంటికెళ్ళి మీలో మీరు తేల్చుకుని రండి. ఆ తర్వాత ఊరు చూస్తుంది."

"ఏ ఇంటికి పెద్దమ్మా?" అంది నీళ్ళమ్మాయి. అలవాటుకొద్దీ అడిగేసింది. అడిగాక ఏమడిగిందో తెలిసింది.

వరండాలో వాన చప్పుడు మాత్రం మిగిలింది.

"మా ఇంట్లో మేడమీద రెండు గదులున్నాయి," అంది అత్త, గాల్లోకి చూస్తూ.

"మా ఇల్లు ట్యాంకుకి దగ్గర," అన్నాడు ఆమె నాన్న, ఇంకెటో చూస్తూ.

"మీ ఇద్దర్నీ ఎవరడిగారు?" అంది పెద్దమ్మ.

హోటలబ్బాయి బ్యాగు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "దాని గురించి నేను ముందు ఆవిడతో మాట్లాడాలండి," అన్నాడు. "ఏదైనా ముందు తనకే చెప్పమంది."

ఆమె తల దించుకుని అతణ్ణి దాటుకుంటూ బయటికి నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. బడి మెట్లమీద వానలో నిలబడ్డారు.

"చెప్పు," అంది.

ఎన్నో వాక్యాలు అల్లుకుంటూ వచ్చాడు బస్సులో. ఒక్కటీ రాలేదు. "నాకు నువ్వంటే ఇష్టం," అన్నాడు. "పెళ్ళి చేసుకుందాం. సభలో రోజూ నాతో పోట్లాడొచ్చు."

"ఇంట్లోనో?"

"ఇంట్లో కూడా."

"ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు? రేకుల కిందే చెప్తావనుకున్నా." చెయ్యి చాపి అతని నుదుటిమీది వాననీళ్ళు తుడిచింది. అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. "సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. నీకు ఇంకా ఏ భాషలో చెప్పాలి?"

వెనక గుమ్మంలో దగ్గు వినిపించింది. ఆమె నాన్న. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని నిలబడి, ఒక గొడుగు ముందుకి చాపాడు.

"ఒకటే ఉంది," అన్నాడు ఇద్దర్నీ చూడకుండా. "నేను వాన తగ్గాక మెల్లగా వస్తాలే. తొందరేం లేదు."

హోటలబ్బాయి రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన ఆ చేతుల్ని ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పెద్దమ్మా, తర్వాతి సంగతి కానివ్వండి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

గొడుగు చిన్నది. ఇద్దరి చెరో భుజమూ తడుస్తూనే ఉంది. వీధి మొదట్లో ఆమె ఆగింది.

"ఎటు?"

"నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పు. పోట్లాటకి నేను రెడీ."

"కాసేపు నడుద్దాం," అన్నాడతను.

ఆమె గొడుగు కర్ర మీద అతని చేతికి పైన తన చెయ్యి వేసింది. ఇద్దరూ ఏ ఇంటివైపూ కాకుండా, వానలో పొడుగాటి దారి పట్టుకుని నడిచారు.